అరవై డిగ్రీల బరాత్

నేను రిటైరయ్యాను. నా వయసు ముప్పై ఒకటి.

ఉద్యోగ జ్ఞాపకాలు రాస్తానంటే మా నాయిన ఒప్పుకోలేదు. అందుకు కనీసం మోకాళ్ల నొప్పులైనా ఉండాలన్నాడు. నాకు మెడ నొప్పి ఉంది. జనగామలో ఒక లాప్‌టాప్ రిపేరు దుకాణంలో కూర్చుని, మిషన్ల కడుపుల్లోకి వంగి వంగి చూసిన కాలంలో పట్టుకుంది. అర్హతకు అది సరిపోతుందనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

నన్ను రిటైర్ చేసింది మా సేటు కాదు, కాలం. నేను హార్డ్ డిస్కుల మనిషిని. కొత్త లాప్‌టాప్‌లు కొంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ హార్డ్ డిస్క్ అంటే ఏమిటో విడమరిచి చెప్పాల్సిన రోజులొచ్చాయి కాబట్టి చెబుతాను. మీ మిషన్లలో ఇప్పుడుండేది కదలని మెదలని చిప్పుల పలక. మా కాలపు డిస్కులో అద్దంలా మెరిసే పళ్లెం నిమిషానికి వేలసార్లు గిరగిరా తిరిగేది. దాని మీద తాకీ తాకనంత ఎత్తులో ఒక సన్నటి చేయి అటూ ఇటూ ఊగుతూ చదివేది. అంతసేపు తిరిగేది వేడెక్కకుండా ఉంటుందా? మనిషి ఒంటికి తొంభై ఎనిమిది ఎట్లాగో, దానికి నలభై డిగ్రీలు అట్లాగ. ముప్పైకీ నలభై ఐదుకీ మధ్య ఉంటే మేత తిన్న గేదెలా నెమ్మదిగా ఉంటుంది. యాభై దాటితే చిరాకు మొదలు. అరవై అంటే చాలా డిస్కులకు తయారుచేసినవాళ్లే గీసిన గీత. అక్కడ చదవడం తడబడుతుంది, ఆగుతుంది, ఒక్కోసారి ఇక లేవదు. అట్లని మరీ చల్లబరిచినా పడదు, చెమ్మ పడుతుంది. మొత్తానికి మధ్యతరగతి వస్తువు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

ఇప్పుడు నేను అదే ఊళ్లో కూలర్లు అమ్ముతున్నాను. వేడికీ నాకూ ఉన్న బంధం అట్లాంటిది.

మా రిపేరు దుకాణంలో ముగ్గురం. సేటుకు కంప్యూటర్లు తెలియవు, మనుషులు తెలుసు. దుకాణం నడవడానికి అదే కారణం. సీనియర్ అన్నకు కంప్యూటర్లు తెలుసు, మందు మాత్రం ఒక్కటే తెలుసు: ఫార్మాట్. డిస్కులో ఉన్నదంతా తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టడం. కీబోర్డు మీద చాయ్ ఒలికిన మిషన్‌కు కూడా ఫార్మాటే చెప్పాడు. ఆయనకు ఒక పెళ్లి సంబంధం తప్పిపోయినప్పుడు, పోనీలే, ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేసుకుందామన్నాడని అంటారు. నేను వినలేదు కానీ నమ్ముతాను. మూడోవాణ్ణి నేను. విప్పడం, ఊదడం, బిగించడం, మిగిలిపోయిన స్క్రూలను డబ్బాలో దాచడం నా పని.

శివరాత్రి దాటి చలి పోయిన కొత్తలో, పొద్దుటి రైలుకు మహబూబాబాద్ నుంచి ఒక అక్క వచ్చింది. మేం ఆ ఊరిని మానుకోట అంటాం. బడిపిల్లల సంచిలో, రెండు తువాళ్ల మధ్య పడుకోబెట్టి లాప్‌టాప్ తెచ్చింది. ఆమె డీజే. పెళ్లి ఊరేగింపులకు, అంటే బరాత్‌లకు, సౌండు బాక్సులు కట్టి పాటలు పెడుతుంది. మా దుకాణానికి డీజేలు చాలామంది వచ్చేవాళ్లు, అందరికీ మీసాలుండేవి. మా సేటు ఆమె వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని గుమ్మం దిక్కు చూశాడు. ఆమె కూడా వెనక్కి తిరిగి చూసి, ఎవరూ లేరని ఆయనకు చెప్పింది.

"పది నిమిషాలు మంచిగ నడుస్తది తమ్మీ. ఇగ కాగుతది. గుర్రుగుర్రుమని ఒర్లుతది, ఆగుతది," అంది. తన షరతు కూడా అప్పుడే చెప్పేసింది. రిపేర్ ఏమైనా చేయండి, లోపలి పాటలను మాత్రం కాపీ చేయొద్దు.

ఆ షరతు వెనక పెద్ద లోకజ్ఞానం ఉంది. ఆమె పెట్టే పాటలు బజారులో దొరికేవి కావు. కురవి దిక్కు పొలాల్లో నాట్లేస్తూ ఆడవాళ్లు పాడేవి, కొత్తగూడ అడవి అంచున గూడేల్లో పెళ్లిళ్లకు పాడేవి ఫోన్లో పట్టుకొచ్చి, కింద బీటు వేసి, జనం ఎగిరేటట్టు తనే మిక్సు చేసుకుంది. డీజేల లోకంలో లాప్‌టాప్ రిపేరుకిచ్చి చాయ్ తాగి వచ్చేలోపు నీ పాట పక్క ఊరి ట్రాక్టర్లో మోగుతుంది. మానుకోటలో రిపేర్ చేసే ప్రతివాడూ ఎవడో ఒక డీజేకు బామ్మర్దో, దోస్తో. అందుకే రైలెక్కి ఇంత దూరం వచ్చింది. నేను స్క్రూలు విప్పుతున్నంతసేపూ ఆమె చెయ్యి మిషన్ అంచు మీదే ఉంది. సూది వేయించుకునే పిల్ల భుజం పట్టుకున్న తల్లిలాగా.

డిస్కు తన వేడి తానే చెప్పుకుంటుంది, దాన్ని చూపించే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది. అది పెట్టి పొద్దంతా నడిపించాం. ముప్పై తొమ్మిది. నలభై. మళ్లీ ముప్పై తొమ్మిది. జ్వరమొచ్చిన పిల్ల దవాఖాన మెట్లెక్కగానే ఆడుకోవడం మొదలుపెట్టినట్టుంది వ్యవహారం. అక్క మొహం చిన్నబోయింది. అబద్ధం చెప్పి రైలెక్కి వచ్చానని అనుకుంటారేమోనని ఆమె పరేషాన్. ఫ్యాన్ విప్పితే దుమ్ముతో పాటు మెరూన్ రంగు నూలుపోగులు వచ్చాయి. ఏమిటివి అంటే, వాళ్లమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుందని చెప్పింది. టైలరమ్మ ఇంట్లో పోగులు కాక బొగ్గు ఉంటుందా అనుకుని, శుభ్రం చేసి, చిప్పు వేడిని లాగే పేస్టు కొత్తగా పూసి, చల్లగా ఉంచు అక్కా అని చెప్పి పంపాను.

మర్నాడే ఫోన్. మళ్లీ కాగింది, మళ్లీ ఆగింది. ఎక్కడ పెడుతున్నావంటే టేబుల్ మీద అంది. పరుపు మీదో దిండు మీదో పెట్టట్లేదు కదా అంటే లేదంది. ఇంకేం చేశావంటే, నువ్వే చల్లగా ఉంచమన్నావు కదా, అటక మీది కూలర్ దింపి దాని ముందు పెట్టిన అంది. నేను కుర్చీలోంచి లేచాను. నీళ్ల కూలర్ చెమ్మ గాలి కొడుతుంది, ఆ చెమ్మ డిస్కుకు వేడికన్నా పెద్ద శత్రువు. వెంటనే తీసేయమన్నాను. కూలర్ తీసినా డిగ్రీలు దిగలేదు. సాక్ష్యంగా ఫోటో పంపింది. స్క్రీన్ మీద అరవై ఒకటి అని ఎర్రగా వెలుగుతోంది, ఫోటో అంచున బంగారు రంగు లేసు కొంచెం కనిపిస్తోంది. అది టేబుల్ గుడ్డ అనుకున్నాను. సీనియర్ అన్న వైరస్ అనుకున్నాడు. మా సేటు చెల్పూర్ కరెంటు ప్లాంటు బూడిద అన్నాడు. చెల్పూర్ భూపాలపల్లి దగ్గర ఉంది, అక్క ఇల్లు మానుకోటలో ఉంది, మధ్యలో సగం అడవి ఉంది. గాలి ఎటు వీస్తుందో నీకు తెల్వదు అన్నాడు సేటు. తెలియదు నిజమే.

రెండోసారి అక్క వచ్చినప్పుడు మిషన్ మళ్లీ నలభై దగ్గర బుద్ధిగా కూర్చుంది. ఇక సీనియర్ అన్న రంగంలోకి దిగాడు. డిస్కు చావుకు దగ్గరగా ఉంది, మార్చి ఫార్మాట్ కొట్టాల్సిందే, పాటలు పోతే పోయాయి, మళ్లీ చేసుకోవచ్చు అని తీర్పు చెప్పాడు. అక్క లాప్‌టాప్‌ను బల్ల మీది నుంచి ఒళ్లోకి లాక్కుంది.

"పోతే పోయినయి అనకు అన్నా. నాట్లేసేటి అవ్వల్ల ఇద్దరు ఇప్పుడు లేరు. మళ్ల ఎవల తాన పట్టుకొస్త?" అంది. మిషన్ మూత దించి, "ఇగ గిదొక్కటే సీజను ఇచ్చింది మా అవ్వ. భూపాలపల్లిల పెద్ద బరాత్ ఒప్పుకున్న. గది మంచిగైతే డీజే, లేకుంటె కుట్టుమిషిను. జీవితమంతా జాకెట్లే," అంది.

అప్పుడు విషయం అర్థమైంది. వాళ్లమ్మకు కూతురు డీజే కావడం ఇష్టం లేదు. ఆడపిల్ల వ్యాన్ ఎక్కి వందమంది మగవాళ్ల మధ్య పాటలు పెట్టడమేమిటని చాలాకాలం మాటలే మానేసింది. ఆఖరికి ఒక్క సీజన్ చూద్దామంది. ఆ సీజన్ భవిష్యత్తు మొత్తం ఇప్పుడు అరచెయ్యంత డిస్కులో ఉంది. ఇంట్లో కాపీ చేసుకుందామంటే పది నిమిషాలకు ఆగిపోతుంది. మా దగ్గర చేయనిద్దామంటే ఆమెకు నమ్మకం లేదు. నమ్మకపోవడం సరైన పనే. మా సీనియర్ అన్న అప్పటికే ఒకసారి, ఆ నాట్ల పాట బాగుంటదటగా అన్నాడు.

మా సేటుకు మనుషులు తెలుసు అన్నాను కదా. పాటలు మా దుకాణంలో వద్దు, బయట నువ్వే కాపీ చేసుకో, కొత్త బయటి డిస్కు మావాడు పట్టుకొస్తాడు, బరాత్ రోజు మావాడు నీ మిషన్ పక్కనే కూర్చుంటాడు, పాటల దిక్కు చూడడు, డిగ్రీల దిక్కు మాత్రమే చూస్తాడు అని మాటిచ్చాడు. ఆ మావాడు నేనేనని నాకు చివర్లో తెలిసింది.

అట్లా నేను హన్మకొండలో ఒక బస్సు, పరకాలలో ఒక బస్సు మారి భూపాలపల్లి చేరాను. పెళ్లికొడుకువాళ్లది పొలాలూ పలుకుబడీ ఉన్న ఇల్లు. మేనమామ రాజకీయాల్లో ఉన్నాడు. ఎంత లోపల ఉన్నాడో చెప్పలేను కానీ బట్టలు మాత్రం పూర్తిగా తెల్లగా ఉన్నాయి. సాయంత్రం ఎండ దిగుతుండగా ఫంక్షన్ హాలు ముందు బరాత్ సిద్ధమైంది. వ్యాన్ మీద మనిషెత్తు బాక్సులు, వెనక జనరేటర్, మధ్యలో ఒక స్టూలు. స్టూలు మీద అక్క లాప్‌టాప్.

దానికి బట్టలున్నాయి.

నేను పొరపాటు చెప్పడం లేదు. మెరూన్ వెల్వెట్ తొడుగు. అంచుల చుట్టూ బంగారు లేసు, మూలల్లో అద్దాల పని, మూత వెనక చమ్కీలతో పువ్వు. స్క్రీనూ కీబోర్డూ తప్ప ఇంకేమీ కనిపించకుండా, పట్టు జాకెట్‌కు లైనింగ్ వేసినట్టు లోపల గుడ్డ, కింద ఒత్తుగా స్పాంజి. గాలి పోయే పక్క కిటికీ, కింది జల్లెడ, అన్నీ పెళ్లి ముస్తాబులో మూసుకుపోయి ఉన్నాయి. మనం టీవీకి తొడుగు కుడతాం, మిక్సీకి కుడతాం, ఫ్రిజ్ చెయ్యికి కూడా కుడతాం. నేను చూడక చూడక చూసింది నడుస్తున్న లాప్‌టాప్‌కు కుట్టిన తొడుగు. ప్రయాణంలో మాసిపోతుందని, జనగామకు వచ్చినప్పుడల్లా తొడుగు విప్పి ఇంట్లో మడిచిపెట్టి మిషన్‌ను మాత్రం తెచ్చేదట. అందుకే మా దుకాణంలో నలభై, మానుకోటలో అరవై.

పక్కనే ఒక పెద్దమ్మ నిలబడి లేసు సర్దుతోంది. అక్క వాళ్లమ్మ. కూతురు పాటలు పెట్టే బరాత్‌కు రావడం ఆమెకు ఇదే మొదటిసారట. నేను తొడుగు దిక్కే చూస్తుండటం గమనించి, బాగుందా అని అడిగింది. బాగుందన్నాను. కుట్టు నిజంగానే బాగుంది.

"పది మంది ముందట బట్టల్లేకుంట బరిబాత పెడ్తరా మరి? మనం జాకెట్లు కుట్టేటోళ్లం. మన ఇంటి వస్తువు గట్లనే ఉంటె ఏమంటరు?" అంది.

అక్క నన్ను జనరేటర్ చాటుకు లాగింది. కారణం ఏమిటో ఆమె రెండోసారి జనగామ నుంచి తిరిగి వెళ్లాక కనిపెట్టిందట. అవ్వ చూడకుండా కాసేపు తొడుగు విప్పి నడిపితే చల్లగా ఉంటోంది, వేసి నడిపితే కాగుతోంది. మరి విప్పి పాటలు కాపీ చేసుకోవచ్చు కదా అన్నాను. అవ్వ ఇంట్లోనే ఉంటుంది, తొడుగు విప్పడం చూస్తే ఏమనుకుంటుందోనని చెయ్యి రాలేదట.

"ఏడాది మాట్లాడలె నాతోని. గిది కుట్టినంకనే మాట్లాడింది. నువ్వు జర ఏమనకు తమ్మీ, నీ కాళ్లు మొక్కుత," అంది.

ఉద్యోగంలో చాలా రకాల చిక్కులు చూశాను. వోల్టేజి చిక్కులు, వారంటీ చిక్కులు. తల్లి ప్రేమ గాలి దారికి అడ్డం పడిన కేసు నా సిలబస్‌లో లేదు. సరే అన్నాను. స్టూలు పక్కన కూర్చుని ఒక చేత్తో అట్టముక్కతో విసురుతూ డిగ్రీలు చూడటం మొదలుపెట్టాను. నలభై నాలుగు.

బరాత్ కదిలింది. కారు పైకప్పు మీదికెక్కి పెళ్లికొడుకు, కారులో పెళ్లికూతురు, ముందు జనం. అక్క మొదటి పాట వదిలింది. అబద్ధమెందుకు, పాటల దిక్కు చూడనన్న మాట మొదటి నిమిషంలోనే చెడింది. నాట్లేసే అవ్వ గొంతు ఎక్కడో బురదలోంచి లేచినట్టు లేచింది, కింద బీటు పడింది, భూపాలపల్లి మెయిన్ రోడ్డు ఎగిరింది. పొలంలో నడుం వంచి పాడిన పాటకు నడుం ఇట్లా కూడా వంచవచ్చని ఆ రోజు తెలిసింది. మేనమామ తెల్లబట్టలు మొదట పది మంది దూరంలో నిలబడ్డాయి, రెండో పాటకు మధ్యలోకి వచ్చాయి, మూడో పాటకు భుజం మీది తువాల గాల్లో తిరగడం మొదలైంది. నలభై తొమ్మిది.

అమ్మ వ్యాన్ పక్కన నడుస్తోంది. చెవులు మూసుకుంది, కానీ నవ్వుతోంది. వాళ్లూ వీళ్లూ వచ్చి ఆ పిల్ల నీ బిడ్డేనా అని అడుగుతుంటే తలూపుతోంది, తొడుగు నేనే కుట్టానని కూడా చెబుతోంది. యాభై మూడు. నేను విసరడం రెండు చేతులతో మొదలుపెట్టాను. నాకు చెమట పట్టింది, మిషన్‌కు ఏమీ తెలియలేదు. యాభై ఏడు. అక్క నా దిక్కు చూసింది, నేను వేళ్లతో అంకె చూపించాను. మా ఇద్దరి మధ్య ఏదో సైగల భాష నడుస్తోందనుకుని ఒక పెద్దాయన అనుమానంగా చూశాడు. యాభై తొమ్మిది. పాటలోని గొంతు ఒక్క ముక్క దగ్గర తట్టుకుని, అదే ముక్క నాలుగుసార్లు పాడింది. జనం అది కొత్త స్టైల్ అనుకుని నాలుగుసార్లూ ఎగిరారు. ఆ తర్వాత స్క్రీన్ నల్లబడింది.

ఆ నిశ్శబ్దం గురించి పెద్ద రచయితలైతే ఒక పేజీ రాస్తారు. జనరేటర్ మోగుతూనే ఉంది కాబట్టి అది అంత నిశ్శబ్దం కూడా కాదు. కారు మీద పెళ్లికొడుకు చెయ్యి పైకెత్తి ఉన్నాడు. దించాలా వద్దా తెలియక అట్లాగే ఉంచాడు. మేనమామ వ్యాన్ దగ్గరికి వచ్చాడు.

"ఏందమ్మా? సౌండేది?"

"రీస్టార్ట్ అయితాంది సార్," అన్నాను నేను.

"గా మాట నేను గూడ మస్తుసార్లు చెప్పిన జనాలకు. ఎంతసేపు?"

అక్క పవర్ బటన్ నొక్కుతూనే ఉంది. ఆగినచోటే ఆగిపోతే ఆ ఊళ్లో ఇక ఎవరూ పిలవరు, పిలవకపోతే సీజన్ అయిపోయినట్టే. ఆ సంగతి ఆమె మొహం మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. అంతలో పెళ్లికూతురు తరఫున వచ్చిన డప్పుల వాళ్లు ముందుకొచ్చారు. వాళ్లు అప్పటిదాకా రోడ్డు పక్కన గడ్డి మంట వేసి డప్పులు కాచుకుంటూ కూర్చున్నారు. వేడి తగిలితేనే తోలు బిగుస్తుంది, బిగుస్తేనే మోగుతుంది. ఒకే బరాత్‌లో ఒక వాయిద్యం వేడి చాలక మోగదు, ఇంకొకటి వేడెక్కువై మోగదు. వాళ్లు కొట్టడం మొదలుపెట్టగానే జనం మా గురించి మరిచిపోయారు. నేను ఆ డప్పుల మంట దిక్కు చూసి దండం పెట్టుకున్నాను, కొంచెం దూరం నుంచే.

అప్పుడు అమ్మ వ్యాన్ ఎక్కింది. ఎందుకాగింది కొడుకా అని నన్నే అడిగింది. ఎండ అన్నాను. ఎండ ఎప్పుడో దిగిపోయింది. కరెంటు అంది అక్క. జనరేటర్ మా పక్కనే ఒర్లుతోంది. ఆమె ఇద్దరి మొహాలూ చూసి, ఇంకేమీ అడగకుండా, తొడుగు కిందికి చెయ్యి పెట్టింది. పిల్ల నొసలు చూసినట్టు కాసేపు అట్లాగే ఉంచింది.

"కాలుతాంది. ఇది ఊపిరి యాడికెల్లి తీసుకుంటది?"

నేను అక్క దిక్కు చూశాను. అక్క నేల దిక్కు చూసింది. వ్యాన్‌కు నేల కూడా సరిగా లేదు, వైర్లున్నాయి. ఇక తప్పదని మిషన్ పక్కన గాలి పోయే సందు చూపించాను, కింది జల్లెడ ఎక్కడుందో చూపించాను, మూలన అరచెయ్యి కింద డిస్కు ఎక్కడుంటుందో కూడా చూపించాను.

"అన్ని నేనే మూసిన్నా?"

నేను చేతిలోని అట్టముక్కను వెనక దాచాను.

"ఎప్పటిసంది ఎరుక నీకు?" అని కూతురిని అడిగింది. "సక్కగ చెప్పకపోతివి. చంకల కాడ పట్టేస్తాందని చెప్పకుంట జాకెట్ తొడుక్కొని తిరిగేటిదాన్ని నిన్నే చూస్తాన్న."

అని చంకలోని సంచి తీసింది. పెళ్లివారి జాకెట్లు ఆఖరి నిమిషంలో ఎక్కడో పిగులుతాయని, టైలరమ్మలు ఏ పెళ్లికి పోయినా చిన్న కత్తెర, సూది దారం, చాక్‌పీసు ముక్క వెంట ఉంచుకుంటారు. తొడుగు విప్పి బోర్లా వేసింది. సందు ఎంత పొడుగని నన్ను అడిగి జానతో కొలిచి గీత గీసింది. నేను మొత్తం తీసేద్దామమ్మా, ఎందుకు కష్టం అన్నాను. ఆమె నన్ను, బట్టలు విప్పుకుని పెళ్లికి పొమ్మన్నవాణ్ణి చూసినట్టు చూసింది. ఇప్పుడు ఆడపిల్లలందరూ జాకెట్ వెనక కిటికీ పెట్టమంటున్నారట. గుండ్రంగా ఒకటి, ఆకులాగా ఒకటి, కుండలాగా ఒకటి. లాప్‌టాప్‌కు వెనక కుండ కిటికీ పడింది, పక్కన రెండు ఆకు కిటికీలు పడ్డాయి. కింద నడుమ స్పాంజి మొత్తం కోసేసింది. నాలుగు మూలల్లో ఉన్నది కూడా కోయబోతే ఈసారి నేనే ఆపాను. ఇన్ని బాక్సుల అదురు డిస్కుకు తగలకుండా ఇంతసేపూ కాపాడింది ఆ స్పాంజే. ఆమె దానికి తలూపింది. తొడుగు పూర్తిగా తప్పు కాదని తేలినందుకు మొహం కొంచెం విప్పారింది.

అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జనరేటర్ పొగ కూడా అటే వస్తోంది. ఏది కారణమో నేను తేల్చలేను, నా చదువు డిస్కుల వరకే.

మిషన్ లేచింది. నలభై ఆరు. అక్క పాట వదలబోయి ఆగింది, డప్పుల వాళ్ల పెద్దమనిషికి సైగ చేసింది, డప్పు దరువు మీదికే నాట్ల పాటను దించింది. ఆ తర్వాత ఏం జరిగిందో సరిగా రాయలేను. మేనమామ తెల్లబట్టలు మెరూన్ రంగుకు తిరిగాయి, గులాల్ ఎవరు పోశారో తెలియదు. ఇందాక నన్ను అనుమానంగా చూసిన పెద్దాయన నా చెయ్యి పట్టుకుని వ్యాన్ మీది నుంచి కిందికి లాగాడు. నేనూ ఎగిరాను. మెడ నొప్పి ఆ రోజు సెలవు పెట్టింది. మధ్యమధ్య పరుగెత్తుకొచ్చి అంకె చూసి పోయేవాణ్ణి. నలభై ఎనిమిది. నలభై తొమ్మిది. యాభై ముట్టుకోలేదు. బరాత్ ఇంటి ముందుకు చేరినప్పుడు కూడా పాట మోగుతూనే ఉంది. అక్కడ ఆపింది డిస్కు కాదు, ఆకలైన పెళ్లికొడుకు.

మర్నాడు పొద్దున ఆ ఇంటి వసారాలోనే కాపీకి కూర్చున్నాం. కోసిన అంచులు పోగులు లేస్తాయని, వాటికి పైపింగ్ వేస్తే తప్ప మిషన్ ముట్టనివ్వనని అమ్మ పట్టు పట్టింది. వేశాకే బయటి డిస్కు తగిలించాం. మాట ప్రకారం నేను గోడ దిక్కు తిరిగి కూర్చున్నాను. అక్క తనే నొక్కింది. పొద్దెక్కేదాకా నడిచింది, మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు. డిగ్రీలు ఎంతని నేను గోడను అడిగితే, నలభై రెండు అని వెనక నుంచి జవాబొచ్చేది. అన్ని పాటలూ బయటి డిస్కులోకి చేరాయి. చేరినంత మాత్రాన నమ్మకూడదని, ఒక్కొక్కటి తెరిచి కాస్త విని చూడమన్నాను. ఈ సలహా మీకూ ఇస్తున్నాను. కాపీ అయిందని స్క్రీన్ చెప్పడం వేరు, పాట పాడటం వేరు.

అక్క ఒక్కో పాట కొంచెం కొంచెం పెడుతోంది. ముందురోజు ఆ బాక్సుల హోరులో దేని కింద ఏం మోగిందో ఎవరికి తెలుసు? ఇప్పుడు లాప్‌టాప్ చిన్న గొంతుతో, పొద్దుటి వసారాలో, నాట్ల పాట కింది బీటు విడిగా వినిపించింది. టకటక టకటక టక్. ఆగి, మళ్లీ టకటక. అమ్మ చేతిలో సూది ఆగింది.

"గిది మన మిషినే గద," అంది.

అక్క పాట ఆపి అసలు సంగతి చెప్పింది. అవ్వ మాట్లాడని ఏడాది అవతలి గదిలో కూర్చుని, గోడకు ఫోన్ ఆనించి ఆ చప్పుడు పట్టిందట. ఆ ఒక్క పాట కింద కాదు, అన్నిటి కిందా అదే. నిన్న మేనమామ తువాల తిప్పింది, భూపాలపల్లి రోడ్డు ఎగిరింది, అమ్మ తొక్కిన కుట్టుమిషన్‌కే.

నేను గోడ దిక్కే ఉన్నాను. అట్లాంటప్పుడు గోడ చాలా పనికొచ్చే వస్తువు.

అమ్మ పాట మళ్లీ పెట్టమంది. చెవి దగ్గరికి జరిపి, జాకెట్ కుట్టు పరీక్షించినట్టు విన్నది.

"బాబిన్ కేసుల నూనె లేదప్పుడు. కటకటమంటాంది సూడు. నన్నడిగితె నూనె పోసి మంచిగ తొక్కుదు గద. ఇంటికి వోయినంక మళ్ల పట్టు."

"వద్దవ్వా," అంది అక్క. "గా కటకటకే ఎగుర్తరు జనం."

అమ్మ కాస్త ఆలోచించింది. దారం పంటితో తెంపింది.

"అట్లయితె నూనె పొయ్యను తియ్."